గడపలో చెప్పిన పేరు

పోయినవారం మనం పెడనలో, వెంకట్రామయ్యగారి సావిడిలో కదా ఆగాం. ఆ రోజు అమావాస్య. ఊళ్లో మగ్గాలన్నిటికీ సెలవు. మగవాళ్లందరూ తీరిగ్గా వచ్చి చాపల మీద కూర్చున్నారు. బందరు నుంచి రైల్లో వస్తూ, జీతం భత్యం లేకుండా నేతవారి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతున్న సరళ, తాను సొంతంగా కూర్చిన పాఠం ఒకటి నల్లబల్ల మీద రాసిపెట్టింది. ముందెన్నడూ చూడని ఆ పాఠాన్ని ఆడవాళ్లలో ఒక్కరు తడుముకోకుండా చదివితే చాలు, సావిడి మధ్యాహ్నపు బడికే ఉంచేస్తానన్నారు వెంకట్రామయ్యగారు. చదవలేకపోతే అక్కడ గుంటలు తవ్వించి రెండు మగ్గాలు దింపుతానన్నారు. సావిడి ఆయనది, ఊళ్లో సగంమందికి నూలిచ్చి నేయించుకునేదీ ఆయనే, కాబట్టి కాదనేవారు లేరు. చదవబోయే ఆ ఒక్కరూ బడిలో అందరికన్నా ముందున్న కోటేశ్వరమ్మే అని ఎవరికీ అనుమానం లేదు. ఆమె లేచి మొదటి పంక్తి చదివింది. రెండోదీ చదివింది. మూడో పంక్తి దగ్గర ఆగిపోయింది. ఎవరెంత బతిమాలినా మళ్లీ నోరు విప్పలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది.

చదవలేకే ఆగిపోయిందని మీరూ అనుకుని ఉంటారు. మిమ్మల్నేమీ అనను. నేర్పిన సరళే అలా అనుకుంది, ఇక మీ మాటెందుకు. బల్ల తుడవడం కూడా మరిచిపోయి సాయంత్రం బండికి బందరు వచ్చేసి, అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయింది. వకీలుగారి దగ్గర గుమస్తాగా ఉన్న ఆమె తండ్రి సంగతంతా విని, "చేసినంతవరకు చేశావు. ఇంక ఆ పెడన తిరుగుళ్లు కట్టిపెట్టి టీచరు ట్రైనింగు సీటు సంగతి చూసుకోమ్మా" అన్నాడు. కోప్పడి అంటే ఎదురు చెప్పేదేమో. మెత్తగా అన్నాడు కనక ఊరుకుంది.

ఊరుకుందన్నమాటే గాని మనసు ఊరుకోలేదు. కోటేశ్వరమ్మ సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లో నూలు కండెలు చుట్టడం వెనకబడితే మగ్గం ఆగిపోతుందని ఆడవాళ్లు బడికి రావడానికి జంకితే, రాట్నాలు కూడా తెచ్చుకోమని సరళే చెప్పింది. అప్పటినుంచి సావిడిలో రాట్నాల చప్పుడూ అక్షరాల చప్పుడూ కలిసే వినపడేవి. కోటేశ్వరమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో నూలు వదులుతూ, కళ్లు మాత్రం బల్లకు అప్పగించి, మిగతావాళ్లు గుణింతాలు దాటకముందే ఒత్తులన్నీ పట్టేసింది. అటువంటి మనిషి మూడో పంక్తిలో మొదటి మాట దగ్గరే కూలబడడమేమిటి. ఎంత ఆలోచించినా సరళకు అంతు చిక్కలేదు.

గుంటలు తవ్వే పని రేపు మొదలవుతుందనగా మధ్యాహ్నం ఆమె పెడన స్టేషన్లో దిగింది. చాపలూ పలకలూ సర్దేసి వస్తానని ఇంట్లో చెప్పింది. అది పై మాట. అసలు మాట కోటేశ్వరమ్మను నిలదీసి అడగడం.

నేతవారి వీధి నిండా గంజి వాసన. ప్రతి ఇంట్లోంచీ మగ్గం పలుకుతూనే ఉంది. కోటేశ్వరమ్మ ఇంటి అరుగు మీద ఆమె ఆడపడుచు మంగమ్మ కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మంగమ్మ కోటేశ్వరమ్మ భర్త చంద్రమౌళికి అక్క. మొగుడు పోయాక గుడివాడనుంచి వచ్చి తమ్ముడింట్లోనే ఉండిపోయిన మనిషి. నోరు కాస్త పెద్దది. బడి పెట్టిన కొత్తలో "ఈ వయసులో చదివి ఏ కచేరీలో ఉద్యోగం చేస్తారమ్మా" అని సరళ మొహం మీదే అన్నది కూడా ఈవిడే.

"రా అమ్మాయ్" అంది మంగమ్మ చేటలోంచి తలెత్తకుండా. "ఇల్లు చూసి పోదామని వచ్చావా, దెబ్బలాడదామని వచ్చావా?"

"కోటేశ్వరమ్మగారితో ఒక్క మాట మాట్లాడి వెళ్తానండీ."

"నీ అదృష్టం. నీతోనన్నా మాట్లాడుతుందేమో. ఈ ఇంట్లో మాటలు బందయి నాలుగు రోజులయింది."

ఆ మాట పూర్తయిందో లేదో లోపల మగ్గం ఆగింది. "అక్కా, కండెలయిపోయినయ్యని చెప్పు" అని చంద్రమౌళి గొంతు వినబడింది. కోటేశ్వరమ్మ అతనికి నాలుగడుగుల దూరంలోనే రాట్నం ముందు కూర్చుని ఉంది.

"కండెలయిపోయినయ్యంట" అంది మంగమ్మ అరుగు మీదనుంచే.

"చేతికందే చోటే బుట్టలో పెట్టానని చెప్పు వదినా" అంది కోటేశ్వరమ్మ.

"బుట్టలో ఉన్నయ్యంట. చూశావుగా అమ్మాయ్, నాలుగు రోజులుగా నా బతుకు పోస్టు జవాను బతుకయింది" అని మంగమ్మ మళ్లీ బియ్యంలో పడింది.

చంద్రమౌళి కోపానికి కారణం లేకపోలేదు. పాఠం చదవడానికి ముందు రోజు టీ దుకాణం దగ్గర పదిమందిలో నిలబడి, "మా ఇంట్లో ఆవిడ తడుముకోకుండా చదువుతుంది, వచ్చి చూడండి" అని ఛాతీ విరుచుకుని చెప్పిన మనిషి. ఇప్పుడు ఆ పదిమందీ అతను కనిపిస్తే చాలు, "ఏం మౌళీ, మీ పండితురాలు కులాసానా" అని పలకరిస్తున్నారు. తను లోకువైనందుకు కాదు, అంత నమ్మి చెప్పిన మాట నీరుగారిపోయినందుకు అతనికి మంటగా ఉంది. ఆ మంట పైకి కక్కే అలవాటు లేక మాట్లాడడం మానేశాడు.

సరళను చూసి కోటేశ్వరమ్మ గబగబా లేచింది. మగ్గం గదివైపు ఒకసారి చూసి, ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది. నూతి పక్కన మునగచెట్టు నీడలో పీట వేసి కూర్చోమంది. తను మాత్రం నూతి చప్టాకి ఆనుకుని నిలబడింది.

"నేను దెబ్బలాటకి రాలేదు కోటేశ్వరమ్మగారూ" అంది సరళ. "ఒక్క సంగతి తెలుసుకుని పోదామని వచ్చాను. ఆ రోజు ఏమైంది మీకు?"

"ఏమీ కాలేదండీ పంతులమ్మగారూ. రాలేదు, అంతే."

"రాకపోవడమేమిటండీ. అంతకన్నా కష్టమైన మాటలు మీరు రాట్నం ఆపకుండా చదివారు."

కోటేశ్వరమ్మ చేదతాడు సర్దుకుంది. సరళకు నెమ్మదిగా కోపం వచ్చింది. సంచీలోంచి పలక తీసి, ఆ మూడో పంక్తిలో ఉన్న మాటలు ఒకటొకటే చివరినుంచి రాస్తూ చూపించింది. 'మంచి పేరుంది' అని, 'బందరులో' అని రాసింది. కోటేశ్వరమ్మ చదివింది. 'చీరకు' అని రాసింది. చదివింది. 'అంచు' చదివింది, 'నేసిన' చదివింది. మిగిలింది పంక్తిలో మొదటి మాట. సరళ అది కూడా రాసి పలక ముందుకు చాపింది.

కోటేశ్వరమ్మ మొహం తిప్పుకుని చేద నూతిలోకి వదిలింది. నీళ్లు అక్కర్లేకపోయినా తోడింది.

"ఆ మాట వద్దండీ" అంది.

"రాదా?"

"వచ్చండీ."

"వస్తే చదవడానికేమిటి?"

వంటింటి చూరు కింద, చేటతో సహా వచ్చి నిలబడ్డ మంగమ్మ గొంతు వినబడింది. "ఏమిటమ్మాయ్ అంత రాని మాట. నాకా చదువు లేకపోయె. నువ్వే చెప్పు, విందాం."

"చంద్రమౌళి" అంది సరళ.

చేటలో మంగమ్మ చెయ్యి ఆగింది. "మా తమ్ముడి పేరు రాశావా బల్లమీద?"

"అవునండీ. ఆయన నేసిన చీరలకు బందరులో మంచి పేరుందని రాశాను. అందరి ముందూ ఆ మాట వినపడితే సంతోషిస్తారు కదా అని."

"సంతోషిస్తాడు. ఎందుకు సంతోషించడు. ఎవరి నోట వినపడాలనుకున్నావు తల్లీ?"

అప్పుడు తట్టింది సరళకు. పెళ్లాం మొగుడి పేరు నోట అనదని తెలియని ఆడపిల్ల మన దేశంలో ఉంటుందా. సరళకూ తెలుసు. కాని ఆమెకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. మావారు అనో, ఇదిగో అనో, ఏవండీ అనో పిలిచే గొంతు ఇంట్లో వింటూ పెరగలేదు. ఎవరో చెప్పగా తెలిసిన సంగతి కావడంవల్ల, అవసరమైన వేళకి గుర్తు రాలేదు. కానుక ఇస్తున్నాననుకుంటూ ఆ రోజు ఆమె కోటేశ్వరమ్మను పదిమంది మగాళ్ల మధ్య నిలబెట్టి, ప్రాణంపోయినా చెయ్యని పని చెయ్యమంది.

"నాకు తోచనే లేదండీ" అంది గొంతు తగ్గించి. "ఒక్క సైగ చేస్తే తుడిచేసేదాన్ని కదా."

"మీరు నాకేసి చూడలేదండీ. బల్లకేసే చూస్తున్నారు" అంది కోటేశ్వరమ్మ. అందులో నిష్ఠూరం లేదు.

"పోనీ ఇంటికి వచ్చాకైనా ఆయనతో చెప్పలేకపోయారా? ఎందుకాగారో చెబితే ఆయనకీ కోపం పోయేది."

"అదే నేనూ అనేది" అంది మంగమ్మ. "వాడితో చెప్పి ఏడవచ్చుగా. నాకీ జవాను పనైనా తప్పేది."

కోటేశ్వరమ్మ చేద చప్టా మీద పెట్టింది. ఇంట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడుతోందో లేదో ఒక్క నిమిషం చెవి పెట్టి చూసుకుంది. ఆడుతోందని తెలిశాక గొంతు తగ్గించి చెప్పింది.

"ఏమని చెప్పమంటావు వదినా. ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. బల్లకేసి కళ్లార్పకుండా చూస్తున్నాడు. నేనాగితే చదువు చదువు అని తలూపుతున్నాడు. ఆయన పేరే ఎదురుగా ఉంది, చదువు రాక ఆయనకి తెలీలా. ఇంటికొచ్చి, అది మీ పేరండీ, అందుకాగాను అని చెప్పాననుకో. ఆయన పట్టలేక నలుగురితో అంటాడు. అంటే వాళ్లేమంటారు? నీ పేరు నీ ముందుంటే నువ్వు పోల్చుకోలేదురా అని నవ్వరూ? నన్ను మొద్దన్నారు. అననీ. రెండ్రోజులని వాళ్లే ఊరుకుంటారు. ఆయన్ని ఒక మాట అననిస్తానా నేను."

అని, కొంగుతో చేతులు తుడుచుకుంది. గొప్ప త్యాగం చేశానన్న ధోరణి ఆ గొంతులో లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ గిన్నె తన వైపు జరుపుకున్న మనిషిలా ఉంది. సరళకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంతమంచి మనిషికి నేర్పడానికి వచ్చానా నేను అనిపించి, మళ్లీ, ఇంతమంచి మనిషి ఊళ్లో మొద్దు అనిపించుకుంటూ ఉంటే చూసి రైలెక్కిపోవడమేనా అని కూడా అనిపించింది.

"వెంకట్రామయ్యగారితో నేను మాట్లాడతాను" అంది. "ఇంకొక పాఠం రాస్తాను. పేర్లే లేని పాఠం."

"వద్దండీ. రెండోసారి తేలిక పాఠం పెట్టి గట్టెక్కించారంటారు. ఆ పెద్దాయన ఒప్పుకోడు కూడాను. రేపు పొద్దున్నే గుంటలు తవ్వడానికి మనుషుల్ని పిలిచాడు. ఈయన్నీ పిలిచాడు."

మంగమ్మ చేట కింద పెట్టి, మెట్టుమీద కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

"నేనూ మా ఆయన పేరు ఒక్కసారే అన్నాను. గుడివాడలో, వాళ్ల గడపలో. మా ఆడపడుచు అడ్డం నిలబడి కదలనివ్వలా. సిగ్గుతో చచ్చిపోయి, ఎట్లానో అని లోపలికి ఉరికాను. మళ్లీ అనే పని పడలేదు. ఆయన పోయాక ఎన్నోసార్లు అనుకున్నా, ఇంకొక్కసారి గట్టిగా అని ఉంటే ఏం పోయేది, ఆయనన్నా వినేవాడు కదా అని."

మంగమ్మే తేరుకుని, ముక్కు చీది, మామూలు గొంతుతో అడిగింది. "అమ్మాయ్, ఆ బల్లమీద నువ్వు రాసింది చెరిపావా?"

"లేదండీ. ఆ రోజు మరిచిపోయాను. అలాగే ఉండి ఉంటుంది."

"అయితే రేపు కూడా మరిచిపో. పొద్దున బండికి వచ్చెయ్."

"ఎందుకు వదినా?" అంది కోటేశ్వరమ్మ అనుమానంగా.

"నీకెందుకే. నీ మొగుడి పరువు నువ్వు మోశావు, బాగానే ఉంది. వాడు నాకు తమ్ముడు. నీకన్నా ముందునుంచి ఎరుగుదును. కాస్త నన్ను కూడా మోయనియ్" అని మంగమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సరళ సావిడి చేరేసరికే మగవాళ్లు పలుగులూ పారలూ పట్టుకుని వచ్చి ఉన్నారు. వెంకట్రామయ్యగారు బెంచీమీద కూర్చుని వక్కాకు నములుతూ, గుంటలు ఎక్కడెక్కడ రావాలో వేలితో చూపిస్తున్నారు. చంద్రమౌళి ఒక మూల పలుగానుకుని నిలబడ్డాడు. నల్లబల్ల గోడకు అలాగే ఉంది, అక్షరాలు చెక్కుచెదరలేదు. అతను అటు చూడడం లేదు.

"వచ్చావా అమ్మాయీ. చాపలూ అవీ జాగ్రత్తగా తీయించుకో. ఏమీ అనుకోకు, నాకు మాత్రం ఏం సరదానా" అన్నారు వెంకట్రామయ్యగారు ఎంతో మర్యాదగా.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ పలకలు ఏరుకుంటున్నారు. అందరికన్నా వెనక కోటేశ్వరమ్మ వస్తోంది. తలుపు పక్కన అంతవరకూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డ మంగమ్మ, ఆమె గడప ముందుకు రాగానే అడ్డం వచ్చి, రెండు చేతులూ ద్వారానికి అటూ ఇటూ ఆనించింది.

"ఆగవే. పేరు చెప్పి లోపలికి రా."

సావిడంతా ఒక్కసారి నవ్వింది. కొత్త కోడలు అత్తింట్లో అడుగుపెట్టే పూట ఆడపడుచు గడపలో అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించుకోవడం అందరూ ఎరిగిందే. అందరి పెళ్లిళ్లలోనూ జరిగిందే. పన్నెండేళ్ల కాపురం చేసిన మనిషిని అడగడమే వింత.

"ఏం మంగమ్మా, మీ తమ్ముడికి మళ్లీ పెళ్లి చేస్తున్నావా?" అన్నాడు ముసలి నేతగాడు బసవపున్నయ్య.

"నా మరదలు ఈ సావిడిలో మొదటిసారి అడుగు పెట్టిన రోజు నేను అడగలేదు బాబాయ్. మరిచిపోయాను. ఇవాళ ఆఖరు అంటున్నారు కదా, ఇవాళన్నా అడుగుదామని. ఆడపడుచు అడిగితే కాదనడానికి ఎవరికన్నా హక్కుందా? మీరు చెప్పండి వెంకట్రామయ్యగారూ."

"కాదనడానికి నేనెవర్నమ్మా. ఆ హక్కు మీ ఆడపడుచులదే" అన్నారు ఆయన, నవ్వులో నవ్వు కలిపి.

"విన్నావుగా. పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు. అయితే ఊరికే చెబితే కాదు. బల్ల చూసి చెప్పాలి. మొదటినుంచీ చదువుకుంటూ రా."

ఆ మాటకి నవ్వులు తగ్గాయి. బల్ల చూసి పేరు చెప్పడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. వెంకట్రామయ్యగారు మాత్రం వక్కాకు నమలడం ఆపారు. ఆ సంగతి సరళ ఒక్కతే గమనించింది.

కోటేశ్వరమ్మ వదిన మొహంలోకి చూసింది. అందులో ఎకసెక్కం లేదు. అడ్డం పెట్టిన ఆ చేతులు గాజులు లేని చేతులు. కోటేశ్వరమ్మ చాలాసేపు వాటివంక చూసింది. తరవాత కొంగు భుజంచుట్టూ కప్పుకుని, గడప ఇవతలనుంచే బల్లకేసి చూస్తూ చదవడం మొదలుపెట్టింది.

"మన ఊరు పెడన.

"తెల్లవారక ముందే ఇక్కడ మగ్గం పలుకుతుంది."

ఇక్కడే కదా ఆ రోజు ఆగిపోయింది. ఇప్పుడూ ఒక్క క్షణం ఆగింది. కోటేశ్వరమ్మ తల వంచుకోలేదు.

"చంద్రమౌళి" అంది. గొంతు సన్నగా వచ్చింది గాని తెగలేదు. "చంద్రమౌళి నేసిన అంచు చీరకు బందరులో మంచి పేరుంది.

"కండెలు చుట్టే ఆడవాళ్ల చేతులు లేకపోతే ఏ మగ్గమూ నడవదు."

ఆఖరి పంక్తి ఆ రోజు ఎవరూ వినలేదు. ఇవాళ విన్నారు. పలకలు ఏరుకుంటున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మంగమ్మ చేతులు రెండూ దించి, పక్కకు తప్పుకుని, "రా లోపలికి" అంది.

చంద్రమౌళి ఆ పేరు పెళ్లాం నోట విని పన్నెండేళ్లయింది. అప్పుడు కూడా గడపలోనే, ఇదే అక్క అడ్డం నిలబడితేనే. పలుగు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ముందు మొహం ఎర్రబడింది. తరవాత నెమ్మదిగా, నూలు చిక్కు ఒక్కొక్క పోగే విడివడుతున్నట్టు, ఆ రోజు జరిగిందంతా అతనికి అర్థమవుతూ వచ్చింది. తను చదువు చదువు అని తలూపడం, ఆమె తనకేసి ఒకసారి చూసి తల దించుకోవడం, ఇంటికి వచ్చాక ఒక్క మాటైనా చెప్పుకోకపోవడం. అతను ఎవరికేసీ చూడకుండా బల్ల దగ్గరికి నడిచాడు. అక్షరాలకు అంగుళం దూరంలో నిలబడి పైనుంచి కిందికి చూశాడు.

అయిదు రోజుల తరవాత పెళ్లాంతో మొదటిమాట మాట్లాడాడు.

"ఇందులో నేనెక్కడున్నాను?" అన్నాడు.

కోటేశ్వరమ్మ దగ్గరకు వచ్చి వేలితో చూపించింది. అక్షరం చెరిగిపోకుండా, తగలకుండా చూపించింది. అతను ఆ మాటవైపు చాలాసేపు చూశాడు. "ఇంతుందా" అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు.

వెనకనుంచి ఎవరో కుర్రనేతగాడు, "మౌళన్నకి తన పేరు తనకే తెలియలా" అని నవ్వబోయాడు. కోటేశ్వరమ్మ భయపడిందంతా ఆ నవ్వుకే. కాని అది మొదలుకాకముందే బసవపున్నయ్య లేచాడు.

"మౌళికి చదువు రాదు. నాకూ రాదు, నీకూ రాదు. రానివాళ్లం పోల్చుకోలేకపోయాం, అందులో ఏముంది. ఈ సావిడిలో మగాళ్లలో ఆ బల్ల చదవగలిగింది ఒక్కరే." అని బెంచీ వైపు తిరిగాడు. "వెంకట్రామయ్యగారూ, మీకు వచ్చుగదా. అక్కడ ఎవరి పేరుందో మీరు ఆ రోజే చదివి ఉంటారు. ఆవిడ ఎందుకాగిందో, పెళ్లయిన ఏ మగాడికన్నా తెలుస్తుంది. మరి ఒక్క మాట చెప్పలేదేం?"

సరళకు తను నోరు విప్పి అడగలేని ప్రశ్న, ఇంత నిదానంగా, చేతులు కట్టుకుని, ఒక ముసలాయన అడగడం విని ఆశ్చర్యమూ తృప్తీ రెండూ కలిగాయి. వెంకట్రామయ్యగారు లేచి బయటికి వెళ్లి వక్కాకు ఉమ్మి వచ్చారు. రావడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. వచ్చేసరికి మొహాన మళ్లీ నవ్వు తెచ్చుకున్నారు.

"బాగుంది. నేనన్నమాట మీద నేను నిలబడతాను. పాఠం చదివింది, కాదనను. సావిడి బడికే ఉంచండి" అన్నారు.

ఆడవాళ్లలో ఒకరిద్దరు అప్పుడే చాపలు మళ్లీ పరచబోయారు.

"ఉండండమ్మా, నా మాట కానివ్వండి. చదువు మంచిదే అని మీరే ఇంతసేపూ చెప్పారు. మంచిదైతే అందరికీ మంచిది కావాలి. తన పేరు తాను చదవలేని మగాడు ఊళ్లో ఉండగా ఆడవాళ్లకి మాత్రమే చదువేమిటి, అన్యాయం కదూ. రేపటినుంచి మన మౌళి కూడా ఇక్కడికి రావాలి. ఈ అమ్మాయి బందరునుంచి అప్పుడప్పుడూ వచ్చేది, చాలదు. వాళ్లావిడ దగ్గరే నేర్చుకోవాలి. ఆవిడ చెప్పాలి, ఇతను పలక పట్టుకుని ఆవిడ ముందు కూర్చుని దిద్దాలి, మనమందరం చూస్తూ ఉండగా. అతను కూర్చున్నంత కాలం సావిడి మీది. లేచిపోయిన రోజు నాది."

ఎంత తీయగా చెప్పారో. పెళ్లాం ముందు కూర్చుని పదిమందిలో అ ఆలు దిద్దే మగాడు పెడనలో ఇంకా పుట్టలేదని ఆయన ధైర్యం. బసవపున్నయ్య ఈసారి మీసం తడుముకున్నాడు. మంగమ్మ తమ్ముడికేసి చూసింది. అందరూ అతనికేసే చూశారు, సరళతో సహా.

ఒక్క కోటేశ్వరమ్మ మాత్రం చూడలేదు. రమ్మని గాని వద్దని గాని అనలేదు. తన చాప తెచ్చి బల్ల ముందు పరిచి, ఒక చివరకు ఒదిగి కూర్చుంది. ఒళ్లో పలక కొంగుతో శుభ్రంగా తుడిచి, చాపలో ఖాళీగా ఉన్న రెండో సగం మీద పెట్టింది.

చంద్రమౌళి చాపకేసి చూశాడు, పలకకేసి చూశాడు, ఇంకా చెరగని తన పేరుకేసి చూశాడు. పలుగు అతని చేతిలోనే ఉంది.